ఇంటిదొంగను ఈశ్వరుడు పట్టలేకపోతే పనిపిల్లను అడగాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. 1880ల లండన్. భర్త పోయిన ఒక పెద్దావిడ ఇంట్లో ముత్యాల హారం మాయమవుతుంది. బట్లరు, వంటావిడ, బట్లరు కింద పనిచేసే నౌకరు ఫుట్‌మన్, ఇద్దరు పనిపిల్లలు కలిసి దొంగను పట్టుకుంటారు. కథ నవ్వుతూ చదివించాలి, నెత్తుటి చుక్క కనపడకూడదు. ముసాయిదా చదివిన మీ స్నేహితులిద్దరూ పెదవి విరిచారు. "పనివాళ్లకు అంత తీరికెక్కడిది? పోలీసులు వాళ్ల మాట ఎందుకు వింటారు?" అన్నారు.

స్నేహితులు సరైన చోటే పట్టుకున్నారండీ. రెండో ప్రశ్నయితే మరీను.

నేను ఇంగ్లండు వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. ఉద్యోగం మానేశాక ఒక పాత ఇంట్లో వారానికి రెండు రోజులు వలంటీరుగా ఉంటున్నాను. ఇప్పుడది మ్యూజియం. వచ్చినవాళ్లకు కింది అంతస్తు చూపించడం నా పని: వంటగది, గిన్నెలు తోమే గది, గంటల పలక, బొగ్గు కొట్టు. ఈ రకం నవలల పిచ్చి అంతకు చాలా ముందునుంచీ ఉంది. డిటెక్టివ్ యుగంధర్ నవలలు అద్దెకు తెచ్చుకుని దుప్పటి కింద చదివిన ఇంట్లోంచి వచ్చినదాన్ని, ఆ జబ్బు ఎక్కడికి పోతుంది? కానీ చదవడం వేరు, మోకాళ్ల మీద కూర్చుని పొయ్యి తోమడం వేరు. బడిపిల్లలకు చూపిద్దామని ఒకసారి హాల్లోని ఇనుప పొయ్యికి బ్లాక్‌లెడ్ పూసి బ్రష్షుతో మెరుగు పెట్టాను. బ్లాక్‌లెడ్ అంటే గ్రాఫైటు ముద్దే. గంటన్నర పట్టింది. మూడు రోజులు గోళ్ల సందుల్లోంచి నలుపు వదల్లేదు. పైగా ఆ చేతులతోనే వెళ్లి తెల్లటి తలుపు మూశానట, మేనేజరు పిలిచి మరీ చూపించాడు.

ఆ తలుపు మీది మరక దగ్గర్నుంచే మొదలుపెడతాను. మీ మూడో అధ్యాయంలో పనిపిల్ల పిండి చల్లి వేలిముద్రలు తీస్తుందన్నారు. అది తీసేయండి. స్కాట్లండ్ యార్డులో వేలిముద్రల విభాగం పెట్టింది 1901లో. అప్పటికి విక్టోరియా రాణి పోయి కొన్ని నెలలైంది. అంతకు నాలుగేళ్ల ముందే, 1897లో, కలకత్తాలో పెట్టారు. ముద్రల్ని వర్గాలుగా విడగొట్టే పద్ధతి తేల్చడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే మనవాళ్లిద్దరి పాత్ర పెద్దది. ఈ ముక్క మీ కథలో పనికిరాదు, అయినా చెప్పకుండా ఉండలేకపోయాను. వేలిముద్ర పోతే పోయింది, నల్ల వేలు మీకు మిగిలింది. ఆ ఇంట్లో పొద్దున్నే ఏది ముట్టుకున్నా గుర్తు వదిలే మనిషి ఒక్కతే, పొయ్యిలు తోమే పిల్ల. నగల పెట్టె మూత మీద నల్లటి మరక కనపడితే అనుమానం తిన్నగా ఆ పిల్ల మీదకే పోతుంది. ఆ మరక తనది కాదని ఆ పిల్లకు మాత్రమే తెలుసు, ఎందుకంటే ఆ రోజు ఆ గదిలో పొయ్యి వెలిగించలేదు. చూశారా, మీ కథ అక్కడ మొదలవుతుంది.

ఇక అసలు విషయం. ఈ కథలు రాసేవాళ్లు ఎక్కువమంది పనివాళ్లకు సంగతులు ఎలా తెలుస్తాయన్న దాని మీద కష్టపడతారు. తలుపుకి చెవి ఆనించడం, తాళంకప్ప కన్నంలోంచి చూడటం. అదేం అక్కర్లేదు. పక్క ఎవరు నలిపారో, ఎవరు నలపలేదో, ఏ ఉత్తరం చించి పొయ్యిలో వేశారో, ఎవరి గ్లాసులో ఏం మిగిలిందో, అంతా ఆ చేతుల మీదుగానే పోతుంది. వాళ్లకు తెలియనిదంటూ ఉండదు. కష్టమంతా తెలిసింది చెప్పడంలో ఉంది. ఎవరికి చెప్పాలి, ఏ మాటల్లో చెప్పాలి, చెప్పాక తిండీ గూడూ ఉంటాయా? ఇంటి గుట్టు లంకకు చేటు అని మనం విభీషణుణ్ణి తలుచుకుని అంటాం. గుట్టు చెప్పిన విభీషణుడికి రాజ్యం వచ్చింది. పనిపిల్లకు వచ్చేది వీధి.

ఎందుకంటే కొత్త చోట పని దొరకాలంటే పాత యజమానురాలు రాసిచ్చే ఉత్తరం కావాలి. దాన్ని "క్యారెక్టర్" అనేవారు. ఆ ఉత్తరం ఇచ్చితీరాలని చట్టం లేదు. దొంగ ఉత్తరం పుట్టించుకుంటే మాత్రం 1792 నాటి చట్టం ప్రకారం 20 పౌన్ల జరిమానా. 1861లో వచ్చిన బీటన్ గారి గృహనిర్వహణ పుస్తకంలో, ఇంటి పనంతా ఒక్కతే చేసే మెయిడ్‌కు వేసిన జీతం ఏడాదికి 9 నుంచి 14 పౌన్లు. అంటే ఆ జరిమానా ఏడాది జీతాన్ని మించిపోయింది. అందుకని మీ పనిపిల్ల నోరు విప్పే ప్రతి చోటా ఈ కాగితం ఆమె కళ్ల ముందు ఆడాలి. హాస్యం తగ్గిపోతుందని భయపడకండి. భయం ఉన్నచోటే హాస్యం పండుతుంది. నిజం చెప్పడానికి పదిహేను వంకర దారులు వెతికే మనిషిని చూస్తేనే నవ్వొస్తుంది.

చెప్పకూడని మనిషి చెప్పేస్తే ఏమవుతుందో నిజంగా జరిగిన కేసొకటి ఉంది. 1889, లివర్‌పూల్. జేమ్స్ మేబ్రిక్ అనే పత్తి వ్యాపారి, ఆయన అమెరికన్ భార్య ఫ్లోరెన్స్. ఒక రోజు హౌస్‌మెయిడ్ పడకగదిలోకి వెళ్తే, చేతులు కడుక్కునే బేసిన్లో ఈగల కాగితాలు నానుతున్నాయి, పైన తువ్వాలు కప్పి ఉంది. ఆ రోజుల్లో ఈగల కాగితాల్లో ఆర్సెనిక్ ఉండేది. కిందికి వచ్చి చెప్పింది. వంటింట్లో గుసగుసలు మొదలయ్యాయి. కొన్నాళ్లకు మేబ్రిక్ మంచం పట్టాడు. మే 8న ఫ్లోరెన్స్ ఒక ఉత్తరం ఇచ్చి, పోస్టులో వెయ్యమని పిల్లల ఆయా ఆలిస్ యాప్‌ను పంపింది. యాప్ ఆ ఉత్తరాన్ని చంటిపిల్ల చేతికిచ్చింది, పిల్ల బురదలో పడేసింది. కవరు మార్చడానికి విప్పానని యాప్ తర్వాత కోర్టులో చెప్పింది. విప్పాక చదివింది. అది ప్రియుడికి రాసిన ఉత్తరం. పోస్టులో వెయ్యలేదు, తెచ్చి మేబ్రిక్ తమ్ముడి చేతిలో పెట్టింది. మూడు రోజులకు మేబ్రిక్ చనిపోయాడు. ఫ్లోరెన్స్‌కు ఉరిశిక్ష పడింది, తర్వాత దాన్ని యావజ్జీవంగా మార్చారు, 1904లో బయటికొచ్చింది.

ఇందులో మీకు పనికొచ్చేది విషం కాదు. మేబ్రిక్ తనంతట తాను బలం మందని ఆర్సెనిక్ మింగే అలవాటున్నవాడని విచారణలో బయటపడింది. ఈగల కాగితాలు మొహానికి రాసుకునే నీళ్ల కోసమని ఫ్లోరెన్స్ చెప్పింది. హత్య జరిగిందో లేదో ఇప్పటికీ వాదించుకుంటున్నారు. కాబట్టి హౌస్‌మెయిడ్ చూసింది నిజమే, యాప్ చదివిన ఉత్తరమూ నిజమే. వాటిని కలిపి కుట్టిన కథ నిజమో కాదో తెలియదు. మీ పనివాళ్లు మొదటిసారి తప్పుడు మనిషిని అనుమానించడానికి ఇంతకన్నా మంచి నమూనా దొరకదు. పైగా ఆ బురద సంగతి చూడండి. పనిమనిషి ఉత్తరం విప్పాలంటే ఒక సాకు కావాలి, ఆ సాకు ఎవరూ కాదనలేనంత మామూలుదై ఉండాలి. డిఫెన్సు లాయరు ఆమెను బోనులో నిలబెట్టి అడిగింది కూడా ఆ బురద గురించే. మీరు రాసేది సరదా కథ కాబట్టి చావు వద్దు, ఆ బురద మాత్రం వాడుకోండి.

మీ ఇంటి లెక్క ఒకసారి సరిచూసుకోవాలి. పెద్దావిడకు ఏడాదికి 300 పౌన్ల రాబడి అని రాశారు. ఆ డబ్బుకు బట్లరు రాడు. బీటన్ గారి లెక్కలో ఏడాదికి వెయ్యి పౌన్లు ఉన్నవాళ్లకు వంటావిడ, ఇద్దరు హౌస్‌మెయిడ్లు, పిల్లల్ని చూసే ఆమె, ఒక మగ నౌకరు. 300 ఉంటే అన్ని పనులకూ ఒకే మెయిడ్, పిల్లలుంటే వాళ్లను చూసే ఇంకొకతె. మగ నౌకర్లకు జీతాలు ఎక్కువే, దానికి తోడు ఒక్కొక్కడికి ఏడాదికి 15 షిల్లింగుల పన్ను ప్రభుత్వానికి కట్టాలి. బట్లరున్నాడంటే ఆ ఇంట్లో డబ్బు ఉన్నట్టు లోకానికి చాటింపు. కాబట్టి పెద్దావిడ రాబడైనా పెంచండి, లేదా, నాకైతే ఇదే ఇష్టం, అసలు బట్లరు వెళ్లిపోయి ఏడాదైంది, ఆవిడ ఆ సంగతి ఇరుగుపొరుగుకు తెలియకుండా దాస్తోంది అనండి. ముత్యాలు ఎందుకు మాయమయ్యాయో దానికదే ఒక దారి చూపిస్తుంది, అంతకు మించి చెప్పను.

నిజానికి అప్పటి పనివాళ్లలో ఎక్కువమంది ఒంటరిగానో ఇద్దరుగానో పనిచేసినవాళ్లే. 1891 జనాభా లెక్కల్లో ఇంగ్లండు, వేల్సుల్లో ఇంటి పనిలో ఉన్న ఆడవాళ్లే 13 లక్షలకు పైన. వాళ్లలో కోటల్లాంటి ఇళ్లలో ఉన్నవాళ్లు కొద్దిమంది. మీ ఇంట్లో బలగం తగ్గితే జట్టు ఎలా అంటారా? వీధిలోంచి తెచ్చుకోండి. పొద్దున్నే ప్రతి ఇంటి ముందూ ఒక పిల్ల మోకాళ్ల మీద కూర్చుని గుమ్మం మెట్లు తోమి, తెల్లరాయితో రుద్దుతుంది. వరసగా పది ఇళ్లు, పది మంది పిల్లలు, ఒకే సమయం. మన ఊళ్లో కళ్లాపి చల్లే వేళ గుర్తు తెచ్చుకోండి. ముగ్గు పెట్టేలోపు ఊరి కబుర్లన్నీ అటునుంచి ఇటు వచ్చేస్తాయి కదా. అమ్మగార్లు ఇంకా నిద్రలేవరు, పాలవాడు వస్తాడు, వీధి మొత్తానికి అదే పావుగంట సొంతం. మీ పరిశోధక సంఘం సమావేశాలు అక్కడ పెట్టండి. ఒకరి వంక ఒకరు చూడకుండా, చేతులు ఆగకుండా, మెట్ల వంక చూస్తూ మాట్లాడుకోవాలి.

తీరిక ప్రశ్నకు జవాబు కూడా అక్కడే ఉంది. వాళ్లకు తీరిక లేదు, ఇవ్వకండి. ఆరు గంటలకు లేచి కిటికీ తలుపులు తియ్యాలి, పొయ్యిలు ఊడ్చాలి, నానిన తేయాకు తివాచీ మీద చల్లి దుమ్ము లేవకుండా తుడవాలి, గదిగదికీ వేణ్ణీళ్ల డబ్బాలు మోయాలి, రాత్రి మూత్రపు కుండలు ఖాళీ చెయ్యాలి, పక్కలు సర్దాలి. అలా రాత్రి పది దాకా. మీ రెండో అధ్యాయంలో పనిపిల్ల మధ్యాహ్నం పార్కులో కూర్చుని ఆలోచిస్తుందే, ఆ పేజీ చదివి నా మోకాళ్లు నవ్వాయి. పరిశోధనకు వేరే సమయం పెట్టక్కర్లేదు, పనిలోంచే ఆధారం బయటపడాలి.

నేను చేతులతో చేసి చూసినవి కొన్ని చెబుతాను. మొదటిది బూడిద జల్లెడ. పొద్దున పొయ్యిలోంచి తీసిన బూడిదను పారెయ్యరు. జల్లెడ పట్టి, సగం కాలిన బొగ్గు ఏరి మళ్లీ వాడతారు. బట్ట కాలిపోతుంది, కాగితం కాలిపోతుంది, ఇత్తడి కొక్కెం కాలదు. మా మ్యూజియంలో ఒకసారి పిల్లలకు ఆట పెట్టాం. పాత జాకెట్టు ముక్క ఒకటి పొయ్యిలో కాల్చి మర్నాడు జల్లెడ పట్టించాం. పదకొండు కొక్కేలు దొరికాయి, పన్నెండోది ఎక్కడుందని పిల్లలు గంటసేపు కొట్టుకున్నారు. నాకు ఆ పన్నెండోదే కథ అనిపించింది. జాకెట్టు కాల్చినవాళ్ల గదిలో, మంచం కింద, చీపురుకు తగలాలి.

రెండోది గంటల పలక. మేడ మీద ఏ గదిలో తాడు లాగినా కింద ఆ గది గంట మోగుతుంది. చేతుల్లో పిండితో ఉన్న మనిషి తల తిప్పేసరికి మోత ఆగిపోతుంది. అందుకే గంటను వంపు స్ప్రింగుకు తగిలించి, దాని కింద చిన్న లోలకం పెట్టారు. మోత ఆగాక కూడా లోలకం కాసేపు ఊగుతూ ఉంటుంది, ఏ గదో చూసుకోవచ్చు. ఖాళీగా ఉండాల్సిన నీలం గది లోలకం రాత్రి పదకొండుకు ఊగుతోంది. ఎవరూ పిలవలేదు, ఎవరో చీకట్లో తాడుకు తగిలారు. చూసింది గిన్నెలు తోమే పదమూడేళ్ల పిల్ల. ఆ పిల్ల మాట వంటావిడ వినదు, వంటావిడ వింటే, పనిపిల్లల మీద పెత్తనం చేసే హౌస్‌కీపర్ వినదు. కింది అంతస్తులో కూడా మెట్లున్నాయి, పైవాటికన్నా నిటారుగా.

మూడోది కొవ్వొత్తి. కింద గ్యాసు దీపాలున్నా పడకగదులకు కొవ్వొత్తి పట్టుకునే వెళ్లేవారు. కొత్తది పెట్టింది ఎవరో, ఎంత కాలిందో పొద్దున స్టాండు తుడిచే మనిషికి తెలుస్తుంది. "తలనొప్పి, తొమ్మిదికే పడుకున్నాను" అన్న పెద్దావిడ మేనల్లుడిగారి కొవ్వొత్తి అడుగంటిపోయింది. ఇది గడియారం కన్నా నమ్మకమైన సాక్షి, పైగా ఎవరూ దాన్ని దాచాలనుకోరు.

చాకలి పద్దు గురించి ఒక్క మాట, ఎందుకంటే ఈ రకం కథలన్నిటికీ అమ్మమ్మ అదే. 1860లో విల్ట్‌షైర్‌లో రోడ్ అనే ఊళ్లో ఒక పసివాణ్ణి చంపిన దారుణం జరిగింది. స్కాట్లండ్ యార్డు నుంచి వచ్చిన విచర్ అనే ఇన్‌స్పెక్టరు పట్టుకున్న దారం, పద్దులో రాసి బుట్టలో లేకుండా పోయిన ఒక నైట్‌గౌను. ఎనిమిదేళ్లకు విల్కీ కాలిన్స్ రాసిన "మూన్‌స్టోన్" నవలలో పోయిన వజ్రం కోసం డిటెక్టివ్ ఆ ఇంటి చాకలి పద్దు తెప్పించుకుంటాడు. ఆ కథలో పెద్ద భాగం చెప్పేది కూడా ఒక ముసలి నౌకరే. తనకు "డిటెక్టివ్ జ్వరం" పట్టుకుందని వాపోతుంటాడు. మీరు కొత్తగా ఏదో తప్పు చేస్తున్నానని జంకక్కర్లేదు, పనివాడికి పరిశోధన అంటించి నూట యాభై ఏళ్లు దాటింది.

ఇక పోలీసులు. హారం పోయిందనగానే కానిస్టేబులు వస్తాడు, వచ్చీ రాగానే చేసే పని పనివాళ్ల పెట్టెలు వెతకడం. దీన్ని మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. దాటెయ్యకండి. ఆ పిల్లకు ఆ ఇంట్లో సొంతమంటూ ఉన్నది ఆ తగరపు పెట్టె ఒక్కటే. గది సొంతం కాదు, మంచం ఇంకొకరితో సగం, పేరు కూడా ఒక్కోసారి సొంతం కాదు. ఫుట్‌మన్ అసలు పేరు ఏదైనా, ఆ ఇంట్లో ఫుట్‌మన్‌ని జేమ్స్ అనడం అలవాటైతే వాడు జేమ్సే. ఆ పెట్టెను అందరి ముందూ బోర్లించాక వాళ్లు దొంగను ఎందుకు వెతుకుతారో పాఠకుడికి వేరే చెప్పక్కర్లేదు. తీరికలేని మనిషి నిద్ర మానుకుని వెతికేది ఆ అవమానానికే.

వెతికాక పోలీసులకు ఎలా చేరవేయాలి? ఎమిలీ బ్రైట్‌వెల్ 1993లో మొదలుపెట్టిన మిసెస్ జెఫ్రీస్ నవలల వరుస చాలాకాలం నడవడానికి కారణం ఈ ఒక్క ముడిని తేలిగ్గా విప్పడమే. ఇంటి యజమానే స్కాట్లండ్ యార్డు ఇన్‌స్పెక్టరు. నెమ్మదస్తుడు, మంచివాడు, శవాన్ని చూస్తే కడుపు తిప్పేవాడు. హౌస్‌కీపర్ భోజనం వడ్డిస్తూ కేసు సంగతులు రాబడుతుంది, తమకు దొరికినవి మాటల్లో పడేస్తుంది, ఆయన అన్నీ తనకే తట్టాయనుకుంటాడు. వంటావిడ గడప దాటదు, వంటింటికి వచ్చేవాళ్లకు తినడానికి పెట్టి ఊరి సంగతులన్నీ లాగుతుంది. ఆ ఏర్పాటును మీరు మళ్లీ వాడకండి, ఎక్కడిదో ఇట్టే తెలిసిపోతుంది. కానీ దానిలోని తర్కం పట్టుకోండి: చెప్పిన మనిషి కనపడకుండా, మాట మాత్రం చేరాలి.

మీకు ఇంకో రెండు దారులున్నాయి. ఒకటి వంటింటి తలుపు దగ్గర తచ్చాడే కానిస్టేబులు. వంటావిడ, చల్లారిన మటను, పోలీసు అనేది "పంచ్" అనే హాస్య పత్రిక ఏళ్ల తరబడి నమిలిన జోకు. యజమానులు పనిపిల్లలకు ప్రియుళ్లు ఉండకూడదని గట్టిగా చెప్పేవారు కాబట్టి అతను వచ్చినప్పుడల్లా బొగ్గు కొట్టులో దాక్కోవాలి. అతనూ పై అధికారి దగ్గర ఆ సమాచారం ఎక్కడిదో చెప్పలేడు. ఇద్దరికీ నోరు కట్టే ఉంది, మీకు కావలసింది అదే. రెండోది నాకు తట్టింది, ఎక్కడా చదవలేదు: దుమ్ము. అద్దంలా మెరిసే ఇంట్లో ఒక్క చోట దుమ్ము తుడవకుండా వదిలెయ్యడం. అమ్మగారి కన్ను తిన్నగా అక్కడికే పోతుంది, వేలు పెట్టి చూపిస్తుంది, తిట్టడానికి వంగుతుంది, వంగితే చూడాల్సింది కనపడుతుంది. పనిపిల్ల తిట్లు తిని, "పొరపాటైందమ్మా" అని, లోపల నవ్వుకుంటుంది. తిట్లు తినడమే ఆ పిల్ల వాంగ్మూలం.

భాష సంగతి అడిగారు, చెబుతాను. పనివాళ్ల నోట మన యాస ఏదో పెట్టి నవ్వించాలని చూడకండి, అది లండన్ కాకుండా పోతుంది. "బట్లర్ ఇంగ్లీషు" అనే మాట మద్రాసు బంగళాల్లో పుట్టింది, అక్కడే ఉండనివ్వండి. మీ చేతిలో ఇంగ్లీషు రచయితలకు లేని ఆయుధం ఒకటుంది: మీరు, నువ్వు. బట్లరు వంటావిడను మీరంటాడు, ఫుట్‌మన్‌ను నువ్వంటాడు. పెళ్లి కాకపోయినా వంటావిడ "మిసెస్" అనిపించుకుంటుంది, మర్యాద కోసం. ఈ మెట్లు పాఠకుడికి అలవాటు చేసి, ఎనిమిదో అధ్యాయంలో, ఒకరికొకరు ముక్కూమొహం తెలియదనుకున్న గవర్నెస్ (పిల్లలకు ఇంట్లో చదువు చెప్పే ఆమె), అతిథిగారి నౌకరు మెట్ల మీద ఎదురైనప్పుడు ఒకరి నోట "నువ్వు" జారిపోనివ్వండి. విన్నది ఒక్క పనిపిల్లే. ఇంగ్లీషులో ఆ ఆధారం రాయడం కుదరదు.

ఇలాంటిదే ఇంకోటి. పనివాళ్లకు అర్థం కాకూడదని యజమానులు భోజనాల బల్ల దగ్గర ఫ్రెంచిలో మాట్లాడుకునేవారు, మన ఇళ్లలో పిల్లల ముందు పెద్దవాళ్లు ఇంగ్లీషులోకి మారినట్టు. అమ్మగారి అలంకరణ చూసే లేడీస్‌మెయిడ్ ఫ్రాన్సు మనిషే అయ్యుండటం అప్పుడు గొప్ప, కాబట్టి ఆ రహస్యం కిందికి చేరడానికి సూపు చల్లారేంత సేపు కూడా పట్టదు. చదువు విషయంలో మాత్రం ఏ ఏడాదో చూసుకోండి. ఇంగ్లండులో పదేళ్ల లోపు పిల్లలకు బడి తప్పనిసరి చేసింది 1880లో. మీ పెద్ద పనిపిల్లకు అక్షరం రాకపోవచ్చు, చిన్నదానికి వచ్చి ఉండొచ్చు, అమ్మగారికి మాత్రం ఇద్దరూ ఒకటే. చదవడం రాదన్న ధీమాతో చేతికిచ్చే ఉత్తరాలు కథకు చాలా పనికొస్తాయి.

తెలుగు పాత్ర ఒకటి పెట్టాలని ఉందన్నారు. పెట్టండి, కానీ మీరనుకున్నట్టు వంటవాడు కాదు, ఆయా. దొరల పిల్లల్ని ఓడలో చూసుకుంటూ మన దేశం నుంచి ఆయాలు లండన్ వచ్చేవారు, వాళ్లలో మద్రాసు రేవులో ఎక్కినవాళ్లూ ఉన్నారు. తిరుగు ప్రయాణానికి టిక్కెట్టు ఇవ్వకుండా కొందరిని వదిలేసేవారు. అలాంటివాళ్ల కోసం ఆల్డ్‌గేట్‌లో ఒక ఆయాల హోమ్ ఉండేది, 1900లో హాక్నీకి మార్చారు. ఆ హాక్నీ ఇంటికి 2022లో, చరిత్ర ఉన్న ఇళ్లకు పెట్టే నీలం ఫలకం పెట్టారు. వెళ్లి చూసి వచ్చాను, మామూలు వరస ఇల్లు, పక్కింటి కిటికీలో పిల్లి. మీ కథలో గంజాం నుంచో మచిలీపట్నం నుంచో వచ్చిన ఒక ఆయా అతిథులతో పాటు ఆ ఇంటికి వారం రోజులకు వస్తే, కింది అంతస్తు వాళ్లకు ఆమెను ఏ మెట్టు మీద కూర్చోబెట్టాలో తెలియదు. అందుకే ఆమె అందరి దగ్గరా కూర్చుంటుంది. ముత్యాల గురించి ఆ ఇంట్లో అందరికన్నా ఆమెకే ఎక్కువ తెలిసి ఉండొచ్చు. మెడలోనివి నిజం ముత్యాలో గాజు పూసలో పంటి కింద పెట్టి చెప్పెయ్యగలదు.

చివరి సన్నివేశం మార్చక తప్పదు. బట్లరు అందర్నీ డ్రాయింగు రూములో కూర్చోబెట్టి దొంగ పేరు చెప్పడం కుదరదు. పనివాడు యజమానుల్ని పిలిపించలేడు, వాళ్లు కూర్చున్నచోట నిలబడి ఉపన్యాసం ఇవ్వలేడు. కానీ ఆ ఇళ్లలో రోజుకోసారి పైవాళ్లూ కిందివాళ్లూ ఒకే గదిలో చేరే వేళ ఒకటుంది, పొద్దుటి కుటుంబ ప్రార్థన. గంట మోగగానే పనివాళ్లు హోదా ప్రకారం వరసగా వచ్చి బెంచీల మీద కూర్చుంటారు, యజమాని బైబిలు చదువుతాడు, తర్వాత అందరూ కుర్చీల వైపు తిరిగి మోకరిల్లుతారు. ఎవరూ మాట్లాడకూడదు, ఎవరూ లేచి వెళ్లకూడదు. మీ పెద్దావిడ ఇంట్లో చదివేది ఆ మేనల్లుడే అనుకోండి. పుస్తకం తెరుస్తాడు. గుర్తు పెట్టుకునే రిబ్బను ఉండాల్సిన చోట, పొద్దున దుమ్ము తుడిచినప్పుడు ఎవరో చాలా జాగ్రత్తగా పెట్టిన తాకట్టు కొట్టు రసీదు ఉంటుంది. ఆయన చదవడం ఆపేస్తాడు. పెద్దావిడ కళ్లజోడు సర్దుకుంటుంది. వెనక బెంచీలో పనిపిల్ల తల వంచుకుని, నల్లటి గోళ్లు ఏప్రన్ కింద దాచుకుని, అందరికన్నా ముందే ఆమెన్ అంటుంది.